గోల్ఫ్ స్వింగ్‌లో కాళ్ళు అసలేం చేస్తాయి?

హైదరాబాద్‌లో గోల్ఫ్ బంతులు కొట్టి ప్రాక్టీసు చేసే ఏ డ్రైవింగ్ రేంజ్‌కి వెళ్ళినా, పొద్దున్నే ఒక పది నిమిషాలు నిలబడి వింటే ఒక మాట ఖాయంగా చెవిన పడుతుంది: "సార్, వెయిట్ షిఫ్ట్ అవట్లేదు." ఆ సార్ మళ్ళీ బంతి పెట్టుకుని, బ్యాక్‌స్వింగ్‌లో, అంటే క్లబ్‌ని (గోల్ఫ్ కర్రని) వెనక్కి పైకెత్తేటప్పుడు, ఒళ్ళంతా కుడివైపు ఒరిగించి, కిందికి వచ్చేటప్పుడు ఒళ్ళంతా ఎడమవైపు తోసేస్తారు. క్లబ్ బంతికి జానెడు వెనక మ్యాట్‌కి తగులుతుంది, లేదంటే బంతి నెత్తికి తగిలి అది నేలబారున దొర్లిపోతుంది. కోచ్ మళ్ళీ అదే మాట అంటాడు. ఇది చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది. ఆ మాటలో తప్పు లేదు, కానీ అది సగం మాటే. మిగతా సగం చెప్పకుండా ఎన్ని వందల బంతులు కొట్టించినా ఆ మనిషికి అర్థం కాదు.

నేను చదివింది మెకానికల్ ఇంజనీరింగ్, గోల్ఫ్ వారాంతాల్లో ఆడతాను. కాళ్ళ కింద జరిగే సంగతి మీద నాకు పిచ్చి ఆసక్తి ఉంది కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తున్నాను. లెక్క కోసం కుడిచేతి వాటం వాళ్ళని దృష్టిలో పెట్టుకున్నాను. బంతి వెళ్ళాల్సిన వైపు ఉండే ఎడమ కాలిని ముందు కాలు అంటాను, కుడిదాన్ని వెనక కాలు అంటాను. ఎడమచేతి వాళ్ళు అటూ ఇటూ మార్చి చదువుకోండి.

ముందు ఇంట్లో ఒక పని చేసి చూడండి. వెయింగ్ మెషిన్ ఉంటే, అందులోనూ పాతకాలం ముల్లు తిరిగేది ఉంటే (డిజిటల్‌వి అంకెని ఒకచోట లాక్ చేసేస్తాయి, దీనికి పనికిరావు), దాని మీద నిలబడి గభాలున మోకాళ్ళు వంచండి. ముల్లు ముందు కిందికి పడిపోతుంది. వంగిన చోట ఆగేటప్పుడు మీ బరువు దాటి పైకి పోతుంది. అక్కణ్ణించి గట్టిగా లేస్తే ఇంకా పైకి పోతుంది. 70 కిలోల మనిషి ఒక్క సెకను లోపలే 50 కిలోలూ చూపిస్తాడు, 100 కిలోలూ చూపిస్తాడు. మీ బరువు మాత్రం గ్రాము కూడా మారలేదు. మారింది మీరు నేలని తోసిన బలం. మీరు ఎంత తోస్తే నేల మిమ్మల్ని తిరిగి అంతే తోస్తుంది, స్కూల్లో చదివిన న్యూటన్ మూడో సూత్రమే. బయోమెకానిక్స్ వాళ్ళు దీన్నే గ్రౌండ్ రియాక్షన్ ఫోర్స్ అంటారు, గోల్ఫ్ స్వింగ్‌లో కాళ్ళ గురించి మాట్లాడే ప్రతి మాటా చివరికి దీని దగ్గరికే వస్తుంది.

ఇప్పుడు రెండు మెషిన్లు పక్కపక్కన పెట్టి, ఒక్కో పాదం ఒక్కోదాని మీద పెట్టి నిలబడండి. ఎడమవైపు జరగాలి అనుకోండి. జరగబోయే ముందు ఏ ముల్లు పైకి లేస్తుంది? కుడిది! ఎడమకి పోవాలంటే కుడి కాలితో తొయ్యాలి, వేరే దారి లేదు. ఆ తర్వాత ఎడమవైపు జరుగుతున్న ఒంటిని ఆపాలంటే ఎడమ కాలు అడ్డం తన్నాలి, అప్పుడు ఎడమ ముల్లు లేస్తుంది. అంటే ముల్లు ఎక్కడ ఎక్కువ చూపిస్తుందో ఒళ్ళు అక్కడే ఉందని అర్థం కాదు. ఒంటి బరువుకి ఒక కేంద్రం ఉంటుంది, సుమారుగా బొడ్డు దగ్గర, ఒంటి లోపల. పాదాల కింద ఒత్తిడికి ఇంకో కేంద్రం ఉంటుంది, దాన్ని సెంటర్ ఆఫ్ ప్రెషర్ అంటారు. ఈ రెండూ ఒకదాని మీద ఒకటి ఉన్నంతసేపు మనిషి నిలకడగా ఉంటాడు. వాటి మధ్య ఎడం వస్తేనే కదలిక మొదలవుతుంది.

మంచి ఆటగాళ్ళ స్వింగ్ కొలిచి చూస్తే కనిపించేది ఇదే. బ్యాక్‌స్వింగ్ మొదట్లోనే ప్రెషర్ వెనక కాలి కిందికి వెళ్ళిపోతుంది. క్లబ్ ఇంకా పైకి పోతూ ఉండగానే, అంటే టాప్‌కి చేరకముందే, ప్రెషర్ మళ్ళీ ముందు కాలి వైపు తిరుగు ప్రయాణం మొదలుపెడుతుంది. డౌన్‌స్వింగ్‌లో, అంటే క్లబ్ కిందికి వచ్చేటప్పుడు, ఎడమ చెయ్యి నేలకి సమాంతరంగా వచ్చేసరికి అందులో చాలా భాగం ముందు పాదం కింద ఉంటుంది. ఈ మొత్తంలో ప్రెషర్ ఒక పాదం నుంచి రెండో పాదానికి పోయి వస్తుంది, బరువు కేంద్రం మాత్రం పక్కకి జరిగేది కొన్ని సెంటీమీటర్లే. రేంజ్‌లో ఆ సార్ చేస్తున్నది దీనికి తలకిందులు: ఆయన ప్రెషర్‌ని కాకుండా ఒంటిని మోసుకెళ్తున్నారు. కోచ్ 'వెయిట్' అన్నారు కాబట్టి వెయిట్‌నే కదిపారు, ఆయన తప్పేముంది?

"సార్, తొయ్యండి" అని నేర్పితే సగం కష్టం తగ్గేది.

సరే, ఎటు తొయ్యాలి? ఇక్కడే విషయం రసవత్తరంగా ఉంటుంది. నేల మనకి ఇచ్చే బలాన్ని మూడు రకాలుగా విడదీసి చూస్తారు. ఒకటి పక్కకి, అంటే టార్గెట్ వైపు గానీ దానికి ఎదురుగా గానీ. రెండోది తిప్పేది, నిలువు ఇరుసు చుట్టూ ఒంటిని తిప్పే టార్క్. మూడోది నిలువుగా పైకి. డౌన్‌స్వింగ్‌లో ఇవి గరిష్ఠానికి చేరేది కూడా ఇంచుమించు ఈ వరసలోనే: ముందు పక్కకి, తర్వాత తిప్పడానికి, ఆఖరున పైకి. టెక్సస్ విమెన్స్ యూనివర్సిటీలో యంగ్-హూ క్వాన్, కాలిఫోర్నియాలో స్కాట్ లిన్ లాంటి వాళ్ళు ఫోర్స్ ప్లేట్ల మీద (పాదాలు తోసే బలాన్ని కొలిచే పలకల మీద) గోల్ఫర్లని నిలబెట్టి ఈ పని మీద ఏళ్ళ తరబడి కూర్చున్నారు.

పక్కకి తొయ్యడం గురించి చెప్పేశాను, వెనక కాలు తోస్తుంది, ముందు కాలు ఆపుతుంది.

తిప్పే బలం కాస్త నిదానంగా చూడాలి. డౌన్‌స్వింగ్‌లో నడుము ఎడమవైపు తిరగాలి: ఎడమ తుంటి వెనక్కి పోవాలి, కుడి తుంటి బంతి వైపు రావాలి. దానికి ఎడమ పాదం నేలని ముందుకి, అంటే కాలివేళ్ళ వైపు, బంతి వైపు తోస్తుంది. నేల తిరిగి వెనక్కి తోస్తే ఎడమ తుంటి వెనక్కి పోతుంది. కుడి పాదం నేలని వెనక్కి, మడమ వైపు తోస్తుంది. నేల దాన్ని బంతి వైపు తోస్తుంది. అరచేతుల మధ్య కవ్వం పెట్టి మజ్జిగ చిలికేటప్పుడు ఒక అరచెయ్యి ముందుకి, ఒకటి వెనక్కి పోతాయి చూడండి, మధ్యలో కవ్వం తిరుగుతుంది. ఇక్కడ రెండు పాదాలూ ఆ రెండు అరచేతులు, మధ్యలో తిరిగేది మనం. పాదాల మధ్య దూరం పెరిగితే అదే బలానికి ఎక్కువ టార్క్ వస్తుంది, అందుకే ఎక్కువ దూరం కొట్టే డ్రైవర్ క్లబ్‌తో కొట్టేటప్పుడు కాళ్ళు ఎడంగా పెడతాం, తక్కువ దూరానికి వాడే వెడ్జ్‌తో దగ్గరగా పెడతాం. అయితే మరీ ఎడం చేస్తే తుంటి తిరగడానికి చోటు ఉండదు, అక్కడ ఎవరి ఒంటిని బట్టి వాళ్ళు చూసుకోవాలి.

నమ్మకం కలగాలంటే ఇంట్లో మార్బుల్ ఫ్లోర్ మీద సాక్స్ వేసుకుని, చేతిలో ఏమీ లేకుండా, జాగ్రత్తగా, మెల్లిగా స్వింగ్ లాగా తిరిగి చూడండి. కుడి పాదం వెనక్కి జారిపోతుంది, ఎడమ పాదం ముందుకి పోతుంది. ఎటు జారుతోందో మీ పాదం అటే తోస్తోంది అన్నమాట. వానాకాలంలో తడి గడ్డి మీద వెనక కాలు సర్రున జారే సంగతి కూడా ఇదే.

ఇక పైకి తొయ్యడం. అన్నిటికన్నా పెద్ద బలం ఇదే, అన్నిటికన్నా అపార్థం కూడా దీని మీదే. గట్టిగా కొట్టే వాళ్ళలో ఇది శరీర బరువుని దాటేసి పోతుంది, లాంగ్ డ్రైవ్ పోటీల్లో ఆడే వాళ్ళలో రెట్టింపు దరిదాపులకి కూడా వెళ్తుంది. పైకి తోస్తే క్లబ్ ఎందుకు వేగంగా తిరగాలి అని అడుగుతారు, మంచి ప్రశ్న. ఆ సమయానికి బలమంతా ముందు పాదం కింద ఉంది, బరువు కేంద్రం దానికి కుడివైపున ఉంది. కాబట్టి పైకి వచ్చే బలం కేంద్రం గుండా పోకుండా దాని పక్కనించి పోతుంది, ఎడమవైపుని పైకి ఎత్తి కుడివైపుని కిందికి దింపుతుంది. ఎదురుగా నిలబడి చూసేవాళ్ళకి క్లబ్ ఏ దిక్కున తిరుగుతోందో అదే దిక్కున ఒళ్ళు కూడా తిరుగుతుంది. మామూలుగా 'తిరగండి' అన్నప్పుడు మనకి తట్టేది నిలువు ఇరుసు చుట్టూ తిరగడం ఒక్కటే, కానీ గోల్ఫ్ స్వింగ్ వాలుగా ఉండే తిరుగుడు, దానికి ఈ రెండో టార్క్ కూడా కావాలి.

ఇంకోటి ఉంది. క్లబ్ హెడ్ కిందికి దూసుకొస్తున్న సమయంలో చేతుల్ని పైకీ లోపలికీ లాగితే, అది తిరిగే వృత్తం కాస్త చిన్నదై హెడ్ వేగం పెరుగుతుంది. జపాన్‌కి చెందిన మియురా అనే పరిశోధకుడు 2001లో దీన్ని లెక్క కట్టి చూపించాడు. ఆ లాగడం భుజాలతో చేసేది కాదు, ముందు కాలు నిటారుగా అవుతూ ఒంటిని పైకి లేపితే భుజాలూ చేతులూ దాంతో పాటు లేస్తాయి.

కానీ టైమింగ్! దీని గురించి చెప్పకపోతే ఇంతసేపు చెప్పిందంతా నష్టమే చేస్తుంది. డౌన్‌స్వింగ్ మొత్తం సుమారు పావు సెకను. బంతికీ క్లబ్బుకీ తాకిడి ఉండేది అర మిల్లీసెకను, సెకనులో రెండువేలో వంతు. బంతి తగిలే క్షణంలో కాళ్ళతో ఏదో చెయ్యాలి అనుకుంటే అది బంతికి చేరేలోపు బంతి వెళ్ళిపోతుంది. అందుకే పెద్ద ఆటగాళ్ళలో నిలువు బలం గరిష్ఠానికి చేరేది ఇంపాక్ట్ (బంతి తగిలే క్షణం) కంటే బాగా ముందు, ఎడమ చెయ్యి నేలకి సమాంతరంగా ఉన్న చోటుకి కాస్త అటూ ఇటూగా. ఇంపాక్ట్ సమయానికి ఆ బలం తగ్గిపోతూ ఉంటుంది. మామూలు ఆటగాళ్ళు చాలామంది ఇక్కడే వెనకబడతారు. తొయ్యడం వాళ్ళకీ వచ్చు, కానీ బంతి దగ్గరికి వచ్చాక తోస్తారు.

పేరున్న ప్రొఫెషనల్ గోల్ఫర్లు జస్టిన్ థామస్‌ని చూడండి, లెక్సీ థాంప్సన్‌ని చూడండి, ఇంపాక్ట్ దగ్గర మడమలు గాలిలో ఉంటాయి. బబ్బా వాట్సన్ పాదాలైతే స్లో మోషన్‌లో చూడ్డానికే చోద్యంగా ఉంటాయి. టీవీలో అది చూసి చాలామంది ఇంపాక్ట్ దగ్గర ఎగరడానికి ప్రయత్నిస్తారు. వాళ్ళు ఆ క్షణంలో ఎగరట్లేదు, అంతకుముందే తోసేశారు, ఆ తోపు వల్ల ఒళ్ళు పైకి పోతోంది, మనకి కనిపిస్తున్నది జరిగిపోయిన పని తాలూకు ఫలితం. థామస్ ఐదడుగుల పదంగుళాల సన్నటి మనిషి, తనకన్నా ఎంతో దిట్టమైన వాళ్ళతో సమానంగా దూరం కొడతాడంటే అందులో కాళ్ళ వాటా చాలా ఉంది. పైకి తొయ్యాలంటే ముందు కిందికి దిగాలి కదా, అదీ వీళ్ళందరిలో ఉంటుంది. పాతతరం ఛాంపియన్ శామ్ స్నీడ్ డౌన్‌స్వింగ్ మొదట్లో మోకాళ్ళు ఎడం చేసి కాస్త కూర్చున్నట్టు కనిపించేవాడు, ఆ భంగిమ ఆయన పేరుతోనే నిలిచిపోయింది. మీ వెయింగ్ మెషిన్ మీద ముల్లు కిందికి పడి తర్వాత పైకి లేచింది చూశారే, ఆ వరసే ఇది.

ఇంత గొడవ ఎందుకు, చేతుల్తో కొడితే పోలా అనేవాళ్ళకి ఒక చిన్న లెక్క. ప్రొఫెషనల్ చేతిలో డ్రైవర్ హెడ్ వేగం గంటకి 180 కిలోమీటర్లు అనుకుందాం, అంటే సెకనుకి 50 మీటర్లు. హెడ్ బరువు సుమారు 200 గ్రాములు. హాఫ్ ఎమ్ వీ స్క్వేర్ వేస్తే 250 జౌల్స్. అది పావు సెకనులో రావాలి, అంటే సగటున 1000 వాట్లు. హార్స్‌పవర్ అంటే 746 వాట్లు, కాబట్టి ఒకటింబావు హార్స్‌పవర్ పైనే, అదీ హెడ్ ఒక్కదానికే. షాఫ్ట్ (క్లబ్ కర్ర), చేతులు, మొండెం కదలడానికి అయ్యే ఖర్చు ఇంకా కలపలేదు. ముంజేతి కండలకి అంత స్తోమత లేదు. తొడలు, పిరుదులు, వీపు, వీటిలోనే ఆ సరుకు ఉంది. ఒక చిన్న సవరణ కూడా ఇక్కడే చెప్పాలి: 'నేల నుంచి పవర్ వస్తుంది' అని వీడియోల్లో అంటుంటారు, ఫిజిక్స్ ప్రకారం నేల కదలదు కాబట్టి అది పని చెయ్యదు, శక్తి మన కండలదే. నేల ఇచ్చేది పట్టు. ఆ పట్టు లేకపోతే ఎంత కండ ఉన్నా ఒళ్ళు తిరగదు, మార్బుల్ ఫ్లోర్ మీద చూశారుగా.

ఇక బ్యాలెన్స్. దీన్ని చాలామంది కదలకుండా ఉండటం అనుకుంటారు, తల కదపకు, కాళ్ళు కదపకు అని. నిజానికి బ్యాలెన్స్‌కి అసలు పరీక్ష బయటికి లాగే బలం. ఇందాకటి లెక్కలోనే హెడ్ 200 గ్రాములు, వేగం సెకనుకి 50 మీటర్లు, తిరిగే వృత్తం వ్యాసార్ధం ఒకటిన్నర మీటర్లు అనుకుంటే, ఇంపాక్ట్ దగ్గర క్లబ్ మనల్ని బయటికి, కిందికి, బంతి వైపు 30 కిలోల పైన బరువు వేలాడినట్టు లాగుతుంది. చేత్తో పట్టుకుంటే ఏమీ బరువులేని ఆ క్లబ్బు! పాదాలూ తుంటీ దానికి ఎదురుగా, వెనక్కి లాగి పట్టాలి. పట్టలేనివాళ్ళు కాలివేళ్ళ మీదకి ముందుకి పడిపోతారు, క్లబ్ మడమకి (షాఫ్ట్ హెడ్‌లో కలిసే చోటుకి) బంతి తగిలి కుడివైపు అడ్డంగా పోతుంది. షాంక్ అని దాని పేరు, ఆ పేరు ఎత్తితేనే మా గ్రూపులో అందరికీ టెన్షన్.

గోల్కొండ కోర్సులో నాతో ఎక్కువగా నడిచే క్యాడీ అన్న ఫోర్స్ ప్లేట్ ఎప్పుడూ చూడలేదు. ఆయన అనే మాట: "సార్, చేతుల్తోటి కాదు, కాళ్ళ మీద నిలవడి కొట్టుండ్రి. కొట్టినంక కూడ నిలవడాలె." ఆ రెండో వాక్యం బంగారం. స్వింగ్ అయ్యాక ముందు కాలి మీద, బొడ్డు టార్గెట్ వైపు తిరిగి, వెనక పాదం బొటనవేలి మీద ఉండి, బంతి నేల మీద పడేదాకా అలాగే నిలబడగలిగితే, మధ్యలో బలాలు పోవాల్సిన వరసలోనే పోయాయని చాలావరకు నమ్మొచ్చు. నిలబడలేకపోతే ఎటు తూలారో చూసుకోండి, తప్పు ఎక్కడ జరిగిందో అదే చెప్తుంది. వెనక్కి పడితే ప్రెషర్ వెనక కాలి మీదే ఉండిపోయింది. వేళ్ళ మీదకి పడితే క్లబ్ లాగేసింది.

ప్రాక్టీసుకి నాకు బాగా పనికొచ్చింది స్టెప్ డ్రిల్. రెండు పాదాలూ దగ్గరగా పెట్టి బ్యాక్‌స్వింగ్ మొదలుపెట్టి, క్లబ్ ఇంకా పైకి పోతూ ఉండగానే ముందు పాదాన్ని టార్గెట్ వైపు వేసి అప్పుడు కొట్టడం. క్రికెట్ ఆడిన వాళ్ళకి ఇది రెండు నిమిషాల్లో వచ్చేస్తుంది, మన ఊళ్ళో క్రికెట్ ఆడనిది ఎవరు? ఫ్రంట్ ఫుట్ డ్రైవ్‌కి కాలు ముందు పడి బ్యాట్ తర్వాత వస్తుంది కదా, ఆ క్రమమే. చెప్పులూ బూట్లూ లేకుండా గడ్డి మీద అరచేతంత చిన్న స్వింగులు వెయ్యడం కూడా చాలా మంచిది, పాదం ఎటు తోస్తోందో అరికాలికి నేరుగా తెలుస్తుంది. పల్లేరుకాయలు మాత్రం చూసుకోండి.

సిమ్యులేటర్ స్టూడియోల్లో కాళ్ళ కింద మ్యాట్ పెట్టి ఎరుపు, పసుపు, నీలం రంగుల్లో చూపిస్తున్నారు ఇప్పుడు. దాన్ని ప్రెషర్ మ్యాట్ అంటారు, అది కిందికి పడే ఒత్తిడి ఎక్కడెంత ఉందో మాత్రమే చెప్తుంది. ముందుకీ వెనక్కీ పక్కకీ తోసే బలాలు దానికి తెలియవు, అంటే ఇందాకటి కవ్వం కథ అందులో కనపడదు. మూడు దిక్కుల బలాలూ కొలిచేది ఫోర్స్ ప్లేట్, అది వేరే వస్తువు, చాలా ఖరీదైనది. మ్యాట్ రీడింగ్ చూసి "మీ టార్క్ తక్కువ" అని ఎవరైనా అంటే మర్యాదగానే అడగండి, అది దేంతో కొలిచారని.

అందరికీ ఒకే పద్ధతి అని కూడా అనుకోవద్దు. మెల్‌బోర్న్‌లోని విక్టోరియా యూనివర్సిటీకి చెందిన కెవిన్ బాల్, రస్సెల్ బెస్ట్ 2007లో 62 మంది గోల్ఫర్ల ప్రెషర్ కొలిచి రెండు రకాలు కనిపెట్టారు. ఒక రకం వాళ్ళకి ఇంపాక్ట్ తర్వాత కూడా ప్రెషర్ ముందు పాదం వైపే ఉంటుంది. రెండో రకం వాళ్ళకి డౌన్‌స్వింగ్ మొదట్లో ముందుకి పోయి, ఇంపాక్ట్ వచ్చేసరికి వెనక్కి తిరుగుతుంది. మన రేంజ్‌లో అయితే ఈ రెండోది వెంటనే తప్పు అనేస్తారు. కానీ ఆ రెండో రకంలోనూ మంచి ఆటగాళ్ళు ఉన్నారు, అది ఆట రాక వచ్చిన లోపం కాదని వాళ్ళు తేల్చారు. స్కాటీ షెఫ్లర్ పాదాలు చూడండి, వెనక పాదం జారిపోతూ ఉంటుంది, ముందు పాదం మెలితిరుగుతుంది, ఏ పాఠంలోనూ అలా నేర్పరు. ఆయన 2022లోనూ 2024లోనూ మాస్టర్స్ టోర్నీ గెలిచాడు. పాదం జారే సమయానికి దాని పని అయిపోయింది, అంతే. నా అభిప్రాయం ఏమిటంటే, పాదం ఎలా కనిపిస్తోంది అన్నదాని మీద కన్నా ఎప్పుడు తోసింది అన్నదాని మీదే కోచ్‌లు కళ్ళు పెట్టాలి.

మోకాళ్ళ సంగతి చెప్పకుండా వదిలితే మా బావ ఊరుకోరు. యాభై దాటాక గోల్ఫ్ మొదలుపెట్టారు, పద్దెనిమిది హోల్స్ అయ్యేసరికి ఎడమ మోకాలు పట్టేస్తుందని ఆయన గోల. దానికి కారణం ఉంది. ముందు కాలు ఒకేసారి ఆపాలి, తిరగనివ్వాలి, పైకి తొయ్యాలి. మోకాలు మార్పిడి అయిన కొందరికి ఆ కృత్రిమ కీలు లోపలే సెన్సార్లు పెట్టి అమెరికాలో కొలిచారు, 2008లో ఆ ఫలితాలు వచ్చాయి. గోల్ఫ్ స్వింగ్‌లో ముందు మోకాలి మీద పడేది శరీర బరువుకి నాలుగున్నర రెట్లు, వెనక మోకాలి మీద మూడు రెట్లు పైన. అదే ఏడాది టైగర్ వుడ్స్ ఎడమ మోకాలి లిగమెంట్ తెగి, కాలి ఎముకలో పగుళ్ళతో టోరీ పైన్స్‌లో యూఎస్ ఓపెన్ గెలిచాడు. అది చూసి మనం నొప్పితో ఆడక్కర్లేదు, ఆయన ఆ తర్వాత ఆపరేషన్ చేయించుకుని ఆ సీజన్‌లో మిగతాదంతా మానేశాడు.

దీనికి ఒక సులువైన ఉపాయం కూడా పరిశోధనలోనే దొరికింది. నిలబడేటప్పుడే ముందు పాదాన్ని టార్గెట్ వైపు 30 డిగ్రీలు తిప్పి పెడితే మోకాలిని పక్కకి వంచే టార్క్ తగ్గుతుందని 2010లో స్కాట్ లిన్, నోఫాల్ చూపించారు.

"బావా, ఎడమ పాదం కొంచెం బయటికి తిప్పి నిలబడండి."

"అలా పెడితే బ్యాక్‌స్వింగ్ ఎక్కువ తిరగట్లేదురా."

"అయితే మడమ లేపండి, పర్లేదు. జాక్ నిక్లాస్ జీవితమంతా లేపాడు."

ఆయన ఇప్పుడు మడమ లేపుతున్నారు, మోకాలి గురించి మాట్లాడటం తగ్గింది. ఇది అందరికీ మందు అని చెప్పను, నొప్పి ఉన్నవాళ్ళు ముందు డాక్టర్‌కి చూపించుకోండి.

ఇదంతా చదునైన మ్యాట్ మీద ఒక ఎత్తు, మన కోర్సుల మీద ఇంకో ఎత్తు. గోల్కొండలో కోట గోడల పక్కన ఆడినా, గచ్చిబౌలిలో బౌల్డర్ హిల్స్‌లో బండరాళ్ళ మధ్య ఆడినా, రెండు పాదాలూ ఒకే మట్టంలో ఉండే బంతి దొరకడమే అదృష్టం. ఎడమ పాదం పల్లంలో ఉంటే ఒళ్ళు దానంతటదే ముందుకి జారుతుంది, వెనక కాలు తొయ్యక్కర్లేదు, ముందు కాలికి ఆపే పని రెట్టింపవుతుంది. ఎడమ పాదం మెట్టలో ఉంటే వెనక కాలు కొండెక్కించాలి, చాలామంది అక్కడ వెనకే ఉండిపోయి బంతిని ఎడమవైపు లాగేస్తారు. బంతి పాదాల కన్నా ఎత్తులో ఉంటే బరువు మడమల మీదకి పోతుంది, కింద ఉంటే వేళ్ళ మీదకి. ఇలాంటి చోట్ల నేను ఒక క్లబ్ పెద్దది (ఎక్కువ దూరం కొట్టేది) తీసుకుని ముప్పావు స్వింగ్‌తో కొడతాను, ఎందుకంటే నేల ఇవ్వగలిగే పట్టు తక్కువ ఉన్నప్పుడు దాన్నుంచి ఎక్కువ అడగకూడదు.

జూలై నుంచి సెప్టెంబర్ దాకా తడి ఇంకో సమస్య. బూటు జారకుండా ఆపే ఘర్షణ నిలువు బలాన్ని బట్టి ఉంటుంది. కిందికి ఎంత నొక్కితే పక్కకి అంత పట్టు. డౌన్‌స్వింగ్ మొదట్లో ఒళ్ళు కిందికి దిగుతున్నప్పుడు నిలువు బలం ఒక్క క్షణం తగ్గుతుంది అన్నాను కదా, అదే క్షణంలో వెనక కాలు పక్కకీ వెనక్కీ తొయ్యాలి, అందుకే సరిగ్గా అప్పుడే జారుతుంది. వానాకాలానికి స్పైక్స్ ఉన్న బూట్లే వేసుకోండి, అరిగినవి మార్పించండి, మధ్యలో ఇరుక్కున్న గడ్డీ బురదా ప్రతి రెండు మూడు హోల్స్‌కి ఒక టీ పుల్లతో (బంతిని నిలబెట్టే చిన్న పుల్లతో) గీకెయ్యండి. దీనికి అయ్యే ఖర్చు కొత్త డ్రైవర్ ధరలో ఏ మూలకీ రాదు, దూరం మాత్రం నిజంగా ఇస్తుంది.

బంకర్‌లో, అంటే ఇసుక గుంటలో, అన్నీ తగ్గుతాయి. ఇసుక మీరు తోస్తే గట్టిగా నిలబడదు, పక్కకి జరిగిపోతుంది. అందుకే పాదాలు అటూ ఇటూ కదిపి గట్టి పొర తగిలేదాకా దించుతాం, నిలబడటానికి అవసరమైనంత వరకు రూల్స్ కూడా ఒప్పుకుంటాయి. పాదాలు రెండంగుళాలు దిగాయంటే మీరూ రెండంగుళాలు దిగారు, క్లబ్‌ని ఆ మేరకి కిందికి పట్టుకోండి. మొదటినుంచీ ముందు కాలి మీద ఎక్కువ ప్రెషర్ పెట్టి, దాన్ని ఎటూ కదపకుండా, నడుము పైన మాత్రమే తిరగండి.